బొక్క అంటే ఎముకా, చిల్లా?

ఇటలీలో మిలాను నగరానికి పేరు తెచ్చిన కూర ఒకటుంది. దూడ కాలి పిక్క దగ్గరి మాంసాన్ని ఎముకతో సహా అడ్డంగా కోసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద గంటన్నర రెండు గంటలు మగ్గబెడతారు. దాని పేరు ఓసోబూకో. ఓసో అంటే ఎముక, బూకో అంటే చిల్లు. మిలాను వాళ్ళ సొంత మాండలికంలో ఓస్ బూస్. చిల్లున్న ఎముక, అంతే.

ఈ పేరును తెలుగు చెయ్యమంటే ఒక తమాషా జరుగుతుంది. వరంగల్ మనిషి మొదటి మాట దగ్గరే ఆగి 'బొక్క' అంటుంది. మా అనంతపురం మనిషి రెండో మాట దగ్గరకొచ్చి 'బొక్క' అంటుంది. తెలంగాణలో బొక్క అంటే ఎముక. బొక్కలిరగ్గొడతానని ఎవరైనా అంటే అక్కడ భయపడాలి. మా వైపు బొక్క అంటే చిల్లు, కన్నం, బొరియ. కుండకి బొక్క పడుతుంది, ఎలుక బొక్కలో దూరుతుంది, డబ్బులకి బొక్క పడితే నష్టం. ఆడదాన్ని తిట్టడానికీ ఇదే మాట పనికొస్తుందని పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. ఒక భాషలోనే ఒక ప్రాంతానికి ఎముక, మరో ప్రాంతానికి ఎముకలోని ఖాళీ. మిలాను వాళ్ళు రెండు మాటలు కలిపితేగానీ చెప్పలేనిదాన్ని మనం ఒక్క మాటలో దాచుకున్నాం, కాకపోతే సగం మందిమి ఒక సగాన్ని, మిగతావాళ్ళం ఇంకో సగాన్ని.

మాటల సరదా ఇంతటితో చాలు. నన్ను ఈ పేరు దగ్గర నిలబెట్టింది వేరే సంగతి. ఒక వంటకానికి ఏ పేరు పెట్టినా, ఆ పేరు పెట్టినప్పుడు దాని వైపు చూస్తున్నది ఎవరు? కోసినవాళ్ళా, వండినవాళ్ళా, తిన్నవాళ్ళా, తినగా మిగిలినది ముందుకొచ్చినవాళ్ళా? సాహిత్యంలో కథ ఎవరి గొంతుతో నడుస్తోందని ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాం. వంటకం పేరుని ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. పేర్లు వాటంతటవే వచ్చాయనుకుంటాం కాబట్టి కావచ్చు.

ముందు ఆ కూర సంగతి. దూడ వెనక కాలి పిక్కని మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన రంపంతో అడ్డంగా కోస్తారు. నడుమ గుండ్రటి ఎముక, ఎముక నడుమ మూలుగ, చుట్టూ మాంసం. చుట్టూ ఉన్న పొరకి అక్కడక్కడా గాటు పెడతారు, లేకపోతే సెగకి ముడుచుకుపోతుంది. పిండి అద్ది, వెన్నలో రెండు వైపులా ఎర్రగా వేయించి, ఉల్లిపాయతో, తెల్ల ద్రాక్షసారాతో, ఎముకల రసంతో మగ్గనిస్తారు. పిక్క రోజంతా నడిచే కండరం, గట్టిగా ఉంటుంది. మెత్తటి సెగ మీద చాలాసేపు ఉంటే దాని నరాలూ పొరలూ కరిగి జిగురవుతాయి, రసం చిక్కబడుతుంది. దించే ముందు నిమ్మతొక్క, వెల్లుల్లి, పార్స్లీ ఆకు సన్నగా తరిగి చల్లుతారు. దాన్ని గ్రెమొలాదా అంటారు. టమాటా వెయ్యాలా వద్దా అన్నది అక్కడ తెగని పంచాయితీ, మన దగ్గర పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నట్టు. ఇటలీలో అన్నం మామూలుగా ముందు వడ్డిస్తారు, మాంసం తర్వాత. ఈ కూర ఆ మర్యాదని పక్కన పెట్టి, కుంకుమపువ్వు వేసిన అన్నంతో ఒకే పళ్ళెంలో కూర్చుంటుంది. మన కళ్ళకి అది తెలిసిన దృశ్యమే.

చివరగా మూలుగ. అది తీసుకోవడానికి సన్నటి పొడుగాటి చెంచా ఒకటి ఇస్తారు. మిలాను వాళ్ళు సరదాగా ఆ చెంచాని 'ఎసత్తోరె' అంటారు, అంటే పన్నులు వసూలు చేసేవాడు. గోడలో దాచుకున్నది కూడా గీకి పట్టుకుపోతాడని. ఆ ఊళ్ళో ఈ మాట పుట్టించింది ఎవరోగానీ, పన్ను కట్టే వైపు నిలబడి చూసినవాళ్ళే.

ఇక మా వైపు వస్తాను. గుడిబండ అనగానే కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్న గుడిబండె అనుకునేవాళ్ళుంటారు. మాది మడకశిర పక్క గుడిబండ. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. మాకు హిందూపురం ఎంత దగ్గరో శిరా, మధుగిరి కూడా అంతే దగ్గర. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, లేదా తిరగేసి. కాబట్టి ఎముక గురించి మాకు రెండు భాషల్లో మాటలున్నాయి. తెలుగులో ఎముక, బొమిక. కన్నడంలో ఎలుబు, మూళె. ఈ మూళె అనే మాటని పట్టుకోండి. కన్నడంలో మూళె అంటే ఎముక. తెలుగులో మూలుగ అంటే ఎముక లోపల ఉండేది. తమిళంలో మూళై అంటే మెదడు. ఒక తల్లి పిల్లల్లాంటి మాటలు మూడూ, మూడిళ్ళకి కోడళ్ళుగా వెళ్ళి ఒకటి పెంకు అయింది, ఒకటి లోపలి కొవ్వు అయింది, ఒకటి ఆలోచన అయింది. మా ఊళ్ళో కన్నడం మాట్లాడే అత్త 'మూళె' అంటే, తెలుగింటి కోడలు మూలుగ ఉన్న ముక్కే అనుకుని వెయ్యడం పెద్ద వింత కాదు.

ఇది కాక నల్లి ఉంది. నల్లి ఎముక, తెలంగాణలో నల్లి బొక్క. ఇది ఉర్దూ నుంచి వచ్చింది, నలీ అంటే గొట్టం. హైదరాబాదులో నల్లీ నిహారీ తినేవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలుగు చెవికి మాత్రం నల్లి అంటే మంచంలో కుట్టేది కూడా. ఉర్దూ వాళ్ళు గొట్టం అన్నారు, మిలాను వాళ్ళు చిల్లు అన్నారు. రెండూ ఆకారాన్ని చూసి పెట్టిన పేర్లు. తెలుగు మాత్రం ఆకారం జోలికి పోకుండా లోపలున్న సరుకుని పేరు పెట్టి పిలిచింది, మూలుగ అని.

ఈ తేడా నాకు చిన్నదిగా అనిపించలేదు. చిల్లు కనిపించాలంటే ఎముకని రంపంతో అడ్డంగా, నున్నగా కొయ్యాలి. మిలాను కసాయి అలాగే కోస్తాడు కాబట్టి ఆ బల్ల మీద గుండ్రటి చిల్లే ముందు కనిపిస్తుంది. ఓసోబూకో కోసినవాడి కంటితో పెట్టిన పేరు. మా వైపు రంపం లేదు. మొద్దు మీద పెట్టి కత్తితో కొడతారు. ఎముక పగులుతుంది, చీలుతుంది, పెళుసులు లేస్తాయి. చిల్లు సరిగ్గా కనిపించదు, తినేటప్పుడు నాలుకకే తెలుస్తుంది. మూలుగ తినేవాడి నోటితో పెట్టిన పేరు. కొట్టినప్పుడు లేచిన పెళుసులు ఏరింది ఎవరు, కడిగినప్పుడు వేలికి గుచ్చుకున్నది ఎవరికి అన్నది పేరులోకి రాలేదు.

తినేవాడు అన్నాను, ఏకవచనంలో, పుంలింగంలో. తెలిసే అన్నాను.

మారెమ్మ జాతరకి పొట్టేలు కోసి పాళ్ళు వేసుకున్నప్పుడు మా ఇంటి పాలు దబరలోకి వచ్చేది. సియ్యలు కడగడం, మసాలా నూరడం, పొయ్యి ఊదడం, రాగిముద్ద కెలకడం ఆడవాళ్ళ పని. ముద్ద కెలకడానికి ఎంత రెక్క బలం కావాలో కెలికినవాళ్ళకి తెలుసు. వడ్డించేటప్పుడు మాత్రం గరిటెకి ఒక జ్ఞాపకం ఉండేది. నల్లి ఎముక తాతకి, తర్వాత నాన్నకి, పండగకొచ్చిన అల్లుడుంటే ముందు అల్లుడికి. "అది మొగపిల్లోనికెయ్యే, వానికి బలం రావల్ల" అని మా అవ్వ అనేది. అవ్వని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. గరిటె ఆమె చేతిలో ఉండేది, లెక్క మాత్రం ఆమెది కాదు. మొగవాళ్ళు పళ్ళెం అంచుకేసి ఎముకని టక్కుటక్కుమని కొట్టి మూలుగ రాల్చుకునేవాళ్ళు, రాకపోతే నోట పెట్టి పీల్చేవాళ్ళు. ఆ చప్పుడుకి ఇంట్లో గౌరవం ఉండేది. చివర్లో ఆడవాళ్ళు కూర్చునేసరికి దబరలో సారు మిగిలేది, సారులో ముక్కల వాసన మిగిలేది.

ఆడదానికి కాళ్ళ సారు దక్కే సందర్భం ఒకటుంది, బాలింతతనం. కాలు విరిగినవాళ్ళకీ, బిడ్డని కన్నవాళ్ళకీ కాళ్ళు ఉడకబెట్టిన రసం పోస్తారు. ఒకరిది విరిగిన ఎముక అతకాలి, మరొకరిది పాలు పడాలి. రెండోచోట గిన్నె ఆమె ముందుంటుంది, లెక్క బిడ్డ పేరున రాస్తారు. మూలుగలో ఏ పోషకం ఎంత ఉందన్న చర్చలోకి నేను పోవడం లేదు. ముద్దకి ముద్ద పంచుకునే ఇంట్లో మంచి ముక్క ఎవరి వైపు పోతుందన్నదే నా ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి, అదే వయసు మగవాళ్ళలో 25 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ లెక్క 58.8 శాతం. నెలసరి, కాన్పులు, కారణాలు చాలా ఉన్నాయి. గరిటె జ్ఞాపకం కూడా వాటిలో ఒకటి, దాన్ని ఏ సర్వే కాగితంలోనూ అడగడం కష్టం.

ఈ దృష్టితో చూస్తే 'చిల్లున్న ఎముక' అన్న పేరు తిరగబడుతుంది. మూలుగ అనే పేరు మూలుగ దక్కినవాడిది. పీల్చి పళ్ళెంలో పడేసిన ఎముకని ఎత్తి, కడిగి, కుక్కకి వేసినదానికి కనిపించేది చిల్లు. ఆ పేరు మిలాను కసాయి కన్నుతో పుట్టి ఉండవచ్చు, మా ఇంట్లో అంట్లు తోమే చేతికి మాత్రం అచ్చంగా సరిపోతుంది. మూలుగకీ మూలుగుకీ మధ్య ఒక్క అక్షరమే తేడా అని నేను చెప్తే చమత్కారం అనుకుంటారు, అందుకని చెప్పి వదిలేస్తున్నాను.

ఇప్పుడు పుస్తకాల దగ్గరకి. ఇటలీ ఇంటివంటకి పెద్దదిక్కు అనిపించుకున్న పుస్తకం పెల్లెగ్రీనో అర్తూజీ రాసినది. 1891లో ఫ్లారెన్సులో తన సొంత డబ్బుతో వేసుకున్నాడు. మొదటిసారి 475 వంటకాలు, 1911లో చనిపోయేనాటికి పెంచుకుంటూ పోయి 790. వృత్తికి వ్యాపారి, పెళ్ళి చేసుకోలేదు, వంటింట్లో గరిటె తిప్పినవాళ్ళు వేరే ఇద్దరు. ఒకరు ఫ్రాంచెస్కో రుఫిల్లి అనే వంటవాడు, ఇంకొకరు ఇల్లు చూసుకునే మరియెత్తా సబతీని. ఓసోబూకో గురించి రాస్తూ అర్తూజీ వినయం చూపిస్తాడు. ఇది లొంబార్దీ వాళ్ళ వంట, మిలాను వాళ్ళు చేస్తేనే బావుంటుంది, వాళ్ళు నవ్వుకోకుండా ఉండేలా నేను మామూలుగా చెప్తున్నాను అన్న ధోరణి. ఒక ఊరికి వంట మీదున్న హక్కుని ఒప్పుకోవడం అతనికి కష్టం కాలేదు. ఒక మనిషికి ఉన్న హక్కుని?

ఇక్కడ నాకు ఆసక్తి కలిగింది. మరియెత్తా పేరు ఆ పుస్తకంలో ఒక్క వంటకానికి ఉంది, 'పానెత్తోనె మరియెత్తా' అని ఒక తీపిరొట్టె. మంచి వంటగత్తె, మంచిది, నిజాయితీపరురాలు, ఇది ఆమె దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి ఆమె పేరు పెడుతున్నాను అని రాశాడు. ఆ మాటల్లో కృతజ్ఞత ఉంది, యజమాని ఇచ్చే ప్రశంసాపత్రం వాసనా ఉంది. నిజాయితీపరురాలు కాకపోతే రొట్టెకి పేరు ఉండేది కాదా? అయినా, చనిపోతూ పుస్తకం హక్కులు ఆ ఇద్దరికీ రాసిపోయాడు. మన సాహిత్యంలో, మన వంట పుస్తకాల్లో అంత మాత్రం చేసినవాళ్ళని వెతుక్కోవాలి. 790లో ఒక్కదానికి పేరు, మొత్తానికి డబ్బు. పేరు పెట్టడం కంటే డబ్బు ఇవ్వడమే సులువైందంటే పేరు ఎంత విలువైనదో చూడండి. అతని సొంత ఊరు ఫోర్లింపోపొలిలో అర్తూజీ పేరున ఒక వంటశాల-గ్రంథాలయం పెట్టారు. అక్కడ చేతితో పిండి సాగదీయడం నేర్పే ఆడవాళ్ళని 'మరియెత్తలు' అంటారు. భవనం అతని పేరున, పిండి పిసికే చేతులు ఆమె పేరున.

ఇది చదువుతున్నప్పుడు విమల 'వంటిల్లు' కవిత గుర్తు రాకుండా ఉండదు. వంటింటి గిన్నెల మీద ఎవరి పేరు చెక్కి ఉంటుందో ఆమె చూపించాక తెలుగులో ఏ ఆడదీ గిన్నె అడుగు తిప్పి చూడకుండా ఉండలేకపోయింది. మిలాను నగరపాలక సంస్థ 2007లో ఓసోబూకోకి తన ఊరి వంటగా అధికారిక గుర్తింపు ఇచ్చింది. గిన్నె అడుగున ఇంకో పేరు, ఈసారి ఊరిది.

ఆ కవితని తర్వాత దళిత స్త్రీలు వేరే చోట నిలబడి చదివారు. వంటిల్లు చెర అనడానికి ముందు వంటిల్లు అనే గది ఉండాలి కదా, పొద్దున్నే పొలానికి, ఊరి వాకిళ్ళు ఊడ్చడానికి పోయినదానికి చెర బయట కూడా ఉంది కదా అన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు', జూపాక సుభద్ర, శ్యామల కలిసి తెచ్చిన 'నల్లరేగటి సాళ్ళు' ఈ ప్రశ్నని పక్కన పెట్టలేనంత దగ్గరికి తెచ్చాయి. ఎముక విషయంలో ఇది సూటిగా తగులుతుంది. మా ఇంటి గరిటెకున్న జ్ఞాపకం గురించి నేను ఫిర్యాదు చేస్తున్నప్పుడు, ఆ పొట్టేలుని కోసినవాళ్ళ పాలు ఏమిటన్నది నా ఫిర్యాదులో లేదు. ఊరికి తల, కాళ్ళు, తోలు, పేగులు ఎటు పోతాయో, మెత్తటి సియ్యలు ఎటు పోతాయో కులమే తూకం వేసింది. ఇంటి లోపల మగవాడికి పోయిన మూలుగ, ఊరి లోపల ఎవరికి పోయిందో కలిపి చూస్తే తప్ప లెక్క తేలదు.

పూనా విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు 2009లో దళిత కుటుంబాల తిండి జ్ఞాపకాలని చరిత్రగా రాశారు. ఈ పళ్ళెం భారతీయం కాదా అని ఆ పుస్తకం పేరులోనే అడిగారు. మరాఠీలో షాహూ పటోలే 2015లో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశాడు. అన్నం పూర్ణబ్రహ్మం అన్న మాటకి అడ్డంగా 'అ' అని ఒక్క అక్షరం పెట్టి 'అపూర్ణ' అని పేరు మార్చాడు. మన దగ్గర అన్వేషి 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల్లో మహమ్మద్ ఖదీర్‌బాబు తలకాయ కూర కథ ఉంది. తలకాయ కూర, కాళ్ళ కూర, బోటి, కార్జం, నెత్తురు. ఈ పేర్లకి ముసుగు లేదు గమనించారా? ఇంగ్లీషులో గడ్డి మేసేటప్పుడు దూడకి ఒక పేరు, పళ్ళెంలోకి వచ్చాక 'వీల్' అని ఇంకో పేరు. ఇటాలియనులో బతికున్నా ఉడికినా విటెల్లోనే. మన మాటలు ఇటలీ వైపే ఉన్నాయి, ఒక్క జంతువు దగ్గర తప్ప. అక్కడికి రాగానే మనం గొంతు తగ్గించి 'పెద్దకూర' అంటాం. పెద్ద అన్నది ఎముక కొలతా, భయం కొలతా?

దూడ మాంసం వంట గురించి తెలుగులో రాస్తూ ఆ దూడని దాటేసి పోవడం నిజాయితీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవుని, ఆవుదూడని కొయ్యడాన్ని నిషేధించింది, ఆడైనా మగైనా. మా పొలిమేర అవతల కర్ణాటక 2020 చట్టంతో ఎద్దులనీ చేర్చి, పదమూడేళ్ళు దాటిన బర్రెలని తప్ప దేన్నీ కొయ్యకూడదంది. కాబట్టి అసలైన ఓసోబూకో గుడిబండలో ఉడకదు. మన పట్టణాల్లో పెద్ద హోటళ్ళు అక్కడక్కడా పొట్టేలు కాలితో చేసి అదే పేరు పెడతాయి. బొమిక కూర అని రాస్తే చెయ్యి పెట్టని మనిషి, ఓసోబూకో అని రాస్తే సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకుంటుంది. విదేశీ శబ్దం ఎముకని కడిగి ఇస్తుంది.

అయితే చట్టం కత్తిని ఆపింది, దూడ కథని ఆపలేదు. యూరపులో దూడ మాంసం పాడి పరిశ్రమ వెనక తలుపు నుంచి వచ్చేది. పాలివ్వాలంటే ఆవు ఈనాలి. ఈనితే సగం మగదూడలు. పాల ఆవుల జాతి మగదూడ పాలివ్వదు, మాంసానికీ పెద్దగా పెరగదు, అందుకని చిన్నప్పుడే కొట్టుకు పోతుంది. మా వైపు కూడా చినుకు నమ్ముకోలేని ఊళ్ళలో వేరుశెనగ పోయిన ఏడాది ఇల్లు నిలిపేది జెర్సీ ఆవు. పేడ ఎత్తేది, గడ్డి కోసేది, తెల్లవారక ముందే పాలు పితికి కేంద్రానికి మోసేది ఆడవాళ్ళు. అరక ట్రాక్టరు చేతికి పోయాక కోడెదూడ ఎవరికి కావాలి? దానికి చాలినన్ని పాలు వదిలితే కేంద్రంలో లీటర్లు తగ్గుతాయి. కొయ్యరు. కట్టు విప్పేస్తారు, లేదా ఆకలికి వదిలేస్తారు. మిలానులో దూడకి పళ్ళెంలో పేరన్నా ఉంది. ఇక్కడ దాని చావుకి పేరే లేదు, పాల లెక్కల్లో తగ్గుదల కూడా కాదు. తల్లిని తల్లితనం కోసమే పోషించి, ఆ తల్లితనంలో పుట్టినదాన్ని పనికిరాదని తోసెయ్యడం ఆడవాళ్ళకి కొత్త కథ కాదు. మనిషి ఇంట్లో ఆ లెక్క తిరగబడి ఆడపిల్ల మీద పడుతుంది. పాకలో మగదూడ, ఇంట్లో ఆడబిడ్డ. ఆ రెండింటి మధ్యా పొద్దున్నే చెంబు పట్టుకుని తిరిగేది అదే మనిషి. ఆమెని క్రూరురాలనడం సులువు. కేంద్రంలో లీటరుకిచ్చే డబ్బులో దూడ పాలు ఎక్కడ రాయాలో ఆమెకి ఎవరూ చూపించలేదు.

ఓసోబూకో గురించి ఇంగ్లీషులో వచ్చే రాతలు ఎన్నో చదివాను. ఎముక మీద మాంసం వేళ్ళకి ఊడిరావడం, మూలుగ వెన్నలా కరగడం, నిమ్మతొక్క వాసన లేవడం. బాగానే రాస్తారు. వాటిలో దూడ ఒక విశేషణంగా వచ్చి పోతుంది, గిన్నె దగ్గర రెండు గంటలు నిలబడ్డ మనిషి అసలు రాదు. 'మగ్గనివ్వండి' అనే క్రియకి కర్త లేదు. వంట పుస్తకాల వ్యాకరణం అంతా ఇలా కర్త లేని క్రియలతో నడుస్తుంది. తెలుగులో మరీ సుఖం, క్రియలోనే మనిషిని మింగెయ్యవచ్చు. తరగాలి, నూరాలి, దించాలి. ఎవరు? ఇంకెవరు!

ఈ మధ్య మా పల్లెల్లో ఆడవాళ్ళ దగ్గర మాంసం మాటలు ఏరుతున్నాను. ఏ ముక్కకి ఏమంటారు, అది ఎవరికి వేస్తారు అని రెండే ప్రశ్నలు. మొదటిదానికి జవాబు ఎవరూ తడుముకోకుండా చెప్తారు, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. రెండోదానికి నవ్వుతారు. పాళ్ళ దగ్గర పనిచేసిన ఒక పెద్దామెని మూలుగ రుచి ఎట్లుంటుందని అడిగాను. "సారులో దిగుతాదిలే, అదే రుచి" అంది. పక్కనే ఉన్న కోడలు అత్త వినకుండా, తను మాత్రం వండేటప్పుడే ఒక నల్లి ఎముకని రోటి దగ్గర కొట్టుకుని తినేస్తానని, చిల్లులో ఇంత ఉల్లిపాయ ముద్ద కూరి మళ్ళీ సారులో వేస్తానని చెప్పింది. పళ్ళెంలో కొట్టుకున్న మొగుడికి ఇంతవరకూ తెలియలేదంట.